‘ఇంట్లో ఎంత ఉంది?’ అని అడిగే కిరాణా కొట్టు

హైదరాబాదులో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి కూతవేటు దూరంలో మా సందు. సందు మొదట్లో వేపచెట్టు, దాని పక్కన నీలం షట్టరు, మూడు మెట్లు, మెట్ల మీద ఉప్పు బస్తా. నేను రాయబోయేది ఆ కిరాణా కొట్టు గురించే. కొట్టు పేరూ తన పేరూ రాయవద్దని యజమాని అడిగారు కనుక రాయడం లేదు. సందులో అందరూ ఆయనను సేటు అంటారు, నేనూ అలాగే అంటాను. మా అత్తగారు మాత్రం ‘నాయనా’ అని పిలుస్తారు.

నేను ప్రభుత్వ పాఠశాలలో లెక్కల టీచరుగా పనిచేసి 2016లో పదవీ విరమణ చేశాను. ఈ సందుకు వచ్చింది 1994లో. అప్పటి నుంచి మా ఇంటి పప్పూ ఉప్పూ చింతపండూ ఇక్కడివే. అయినా ఈ కొట్టు గురించి రాయాలని ఇన్నేళ్లలో ఎప్పుడూ అనిపించలేదు. 2020 ఫిబ్రవరిలో ఎవరైనా అడిగి ఉంటే అయిదుకు మూడు మార్కులు వేసి ఊరుకునేదాన్ని. లోపల వెలుతురు తక్కువ. బిల్లు ఇవ్వరు, పాత క్యాలెండరు కాగితం వెనక అంకెలు వేసి కూడి చూపిస్తారు. ఆ కూడికలో తప్పు మాత్రం నాకు ఇంతవరకు దొరకలేదు. కందిపప్పు ఒక నెల వెన్నలా ఉడుకుతుంది, మరుసటి నెల ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా బద్ద బద్దగానే ఉంటుంది. ఇడ్లీ రవ్వ బాగుంటుంది. ఎండుమిర్చి చాలా బాగుంటుంది. ఇంతకు మించి చెప్పడానికి ఏముంటుంది అనుకునేదాన్ని.

ఆ తరువాతి రెండేళ్లలో ఈ పది అడుగుల గది మా సందును ఎలా నిలబెట్టిందో కళ్లారా చూశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు మా ప్రాంతం సంగతి చెప్పాలి. ఫీవర్ ఆసుపత్రికి సర్ రోనాల్డ్ రాస్ పేరు పెట్టారు. మలేరియాకు దోమ కారణమని 1897లో సికింద్రాబాదులో నిరూపించిన వైద్యుడు ఆయన. కానీ మా అత్తగారి వయసువాళ్లు దాన్ని ఈనాటికీ కోరంటి దవాఖానా అనే అంటారు. క్వారంటైన్ అన్న మాటే జనం నోళ్లలో నలిగి కోరంటి అయింది. కలరా, కంఠసర్పి, కుక్కకాటు, విషజ్వరాలు, దేనికైనా నగరం నలుమూలల నుంచీ అక్కడికే వస్తారు. వానాకాలంలో ఆ ఆవరణ నిండిపోవడం మాకు కొత్త కాదు. 2020 జనవరి నెలాఖరున చైనా నుంచి వచ్చిన కరోనా అనుమానితులను అక్కడ విడిగా ఉంచారని పత్రికల్లో వచ్చింది. అందువల్ల మిగతా నగరానికి మార్చిలో తగిలిన భయం మా సందుకు రెండు నెలల ముందే తగిలింది. ఫిబ్రవరిలోనే సేటు మెట్ల పక్కన బకెట్ నీళ్లు, సబ్బు పెట్టారు. టీవీలో క్వారంటైన్ అన్న మాట పదే పదే వినిపిస్తుంటే మా అత్తగారు, ‘మళ్లీ కోరంటి రోజులు వచ్చాయా?’ అని అడిగారు. ఆవిడకు అప్పుడు 84 ఏళ్లు. నేను భయపడినదంతా ఆవిడ గురించే.

మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. ఆ రోజే రాష్ట్రంలో నెలాఖరు వరకు లాక్‌డౌన్ అన్నారు. 24వ తేదీ రాత్రి ఎనిమిది గంటలకు ప్రధాని టీవీలో మాట్లాడి, ఆ అర్ధరాత్రి నుంచి దేశమంతటా 21 రోజులు అన్నారు. మర్నాడు ఉగాది. మా ఇంట్లో పచ్చడికి వేపపువ్వు తప్ప మరేమీ లేదు. సాయంత్రం చీకటి పడ్డాక ఎవరూ బయటికి రావద్దని అప్పటికే ప్రభుత్వం చెప్పి ఉంది, షట్టరు కూడా దించే ఉంది. అయినా నేను వెళ్లేసరికి మెట్ల ముందు ముప్పై నలభై మంది. ఎవరో షట్టరు బాదుతున్నారు. ప్రధాన రహదారి మీద పోలీసు వాహనం చప్పుడు వినిపిస్తోంది.

సేటు షట్టరు సగం లేపి, దాని కింద స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఒక్కొక్కరినే పిలిచి ఒకే ప్రశ్న వేశారు. ‘ఇంట్లో ఎంత ఉంది?’ ఏమి కావాలో, ఎంత కావాలో చెప్పడానికి సిద్ధపడి వచ్చినవాళ్లు ఆ ప్రశ్నకు తడబడ్డారు. నేనూ తడబడ్డాను. డబ్బాలో కందిపప్పు ఎంత ఉందో చూసి రాలేదు. ‘మొన్న పదో తారీఖున రెండు కిలోలు తీసుకున్నారు టీచరమ్మా, ఇద్దరే కదా, కిలో పైనే ఉంటుంది’ అని ఆయనే చెప్పి, బెల్లం, చింతపండు, అరకిలో మినప్పప్పు ఇచ్చి పంపారు. కారులో వచ్చిన ఒకాయన పాతిక కిలోల కందిపప్పు, ఒక పెట్టె నూనె ప్యాకెట్లు అడిగారు. రేటు ఎంతైనా ఇస్తానన్నారు. ‘సార్, మీ ఇంట్లో నలుగురు. నెలకు నాలుగు కిలోలు. ఇచ్చేది నేనే కనుక నాకు తెలుసు. ఇప్పుడు రెండు తీసుకోండి, అయిపోయాక మళ్లీ రండి’ అన్నారు సేటు. ఆయన విసురుగా వెళ్లిపోయారు. వారం తరువాత వచ్చి వరుసలో నిలబడ్డారు, ఆయనకు రావలసిన రెండు కిలోలూ అందాయి.

ఆ వారం పెద్ద దుకాణాల ముందు జనం ఎలా ఎగబడ్డారో, అరలు ఎలా ఖాళీ అయ్యాయో అందరూ చూశారు. మా కొట్టులో ఉప్పు అయిపోలేదు, కందిపప్పు అయిపోలేదు. సరుకు ఎక్కువ ఉండి కాదు. ఏ ఇంటికి నెలకు ఎంత పడుతుందో ఆయనకు నోటికి వచ్చు.

ఇంకో కారణం కూడా ఉంది. మా వైపు విద్యార్థుల హాస్టళ్లు, మెస్సులు చాలా ఉన్నాయి. మార్చి 25న హాస్టళ్లు ఖాళీ చేయమన్నారు. పిల్లలు పెట్టెలు పట్టుకుని అనుమతి పత్రాల కోసం పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరారు. పత్రాలు దొరికి బయలుదేరినవాళ్లు ఎంతోమంది ఆంధ్ర సరిహద్దులో గరికపాడు దగ్గర రాత్రంతా నిలిచిపోయారు. సేటు సరుకు పంపే రెండు మెస్సులూ ఆ రోజే మూతపడ్డాయి. వాళ్ల దగ్గర రావలసిన బాకీ అలాగే ఉండిపోయింది, వాళ్ల కోసం తెప్పించిన బియ్యం, గోధుమ రవ్వ బస్తాలు కొట్టు వెనక గదిలో ఉండిపోయాయి. ఆ బియ్యమే ఏప్రిల్‌లో మా సందు తిన్నది. మెస్సు బియ్యం కొంచెం లావు, అన్నం కొంచెం ముద్దగా అవుతుంది. కిలోకు అయిదు రూపాయలు తగ్గించి ఇచ్చారు.

ఇక ఎర్ర పుస్తకం సంగతి.

ఏప్రిల్ మొదట్లో నా ఫోనుకు బ్యాంకు సందేశం వచ్చింది. పింఛనులో సగమే పడింది. రాష్ట్ర ఆదాయం పడిపోయిందని ఉద్యోగుల జీతాలతో పాటు మా పింఛన్లనూ సగం ఆపారు. ఆపిన సొమ్ము తరువాత వాయిదాల్లో వచ్చింది, కానీ ఆ రోజున అది వస్తుందో రాదో ఎవరికి తెలుసు? మా వారు పోయి ఆరేళ్లు. కొడుకు పుణెలో ఉంటాడు, వాడి కంపెనీలో కూడా కోతల మాట వినిపిస్తోంది. అత్తగారి మందుల ఖర్చు తప్పదు. నేను ఆ కొట్టులో ఇరవై ఆరేళ్లుగా రొక్కం ఇచ్చి సరుకు తెచ్చుకున్న మనిషిని. ఉద్దెర అంటే నాకు గిట్టదు. మా నాన్నగారు ఊరి అంగడి పద్దులో పేరు పడకుండా బతికారు, ఆ పట్టింపు నాకూ వచ్చింది.

చీటీ అందించి నిలబడ్డాను. సగం సరుకులకే డబ్బు ఉందని ఎలా చెప్పాలో తెలియలేదు. సేటు చీటీ చదివి, గల్లాపెట్టె కింద నుంచి ఎర్ర గుడ్డ అట్ట పుస్తకం తీశారు. ఖాళీ పేజీ తిప్పి, పైన శ్రీకారం చుట్టి, దాని కింద ‘టీచరమ్మ’ అని రాశారు. ‘పింఛన్ల సంగతి పేపరులో చదివాను. పూర్తిగా వచ్చినప్పుడే ఇవ్వండి’ అన్నారు, తూకం మీదే చూపు ఉంచి. నా ముఖం వైపు చూడకపోవడం ఎంత పెద్ద మర్యాదో ఆ పూట తెలిసింది.

ఆ పుస్తకంలో నా పేజీకి ముందు ఆటో నడిపే అతను ఉన్నాడు. తరువాత ఇస్త్రీ బండి అతను, మూడిళ్లలో పాచిపని చేసే ఆమె, మెస్సు మూతపడి ఊరికి వెళ్లలేకపోయిన వంటమనిషి. తెల్ల రేషను కార్డు ఉన్న కుటుంబాలకు ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు ఇచ్చింది. అది పెద్ద ఆసరా, కాదనను. కానీ బియ్యం ఒక్కటే ఉడకదు కదా, పప్పు కావాలి, నూనె కావాలి, బట్టల సబ్బు కావాలి. ఆ మిగతాదంతా ఎర్ర పుస్తకంలో పడింది.

ఇంతమందికి అరువు ఇస్తే ఆయనకు ఎవరు ఇస్తారు? బేగంబజారులో టోకు వ్యాపారులు ఆ నెలల్లో రొక్కం చూడనిదే బస్తా కదపలేదని సేటు చెప్పారు. మేలో మలక్‌పేట గంజ్‌లో కేసులు బయటపడ్డాయి, జూన్ చివర్లో బేగంబజారు వ్యాపారులు తమంతట తామే కొన్నాళ్లు మూసుకున్నారు. ఎప్పుడు ఏ దారి మూసుకుపోతుందో తెలియదు, దొరికిన రోజు దొరికినంత కొని పెట్టుకోవాలి. ఈ సంగతి అర్థమై మా సందులో అయిదు ఇళ్లవాళ్లు మూడేసి నెలల సరుకుల సొమ్ము ముందే ఇచ్చారు. అదీ ఆ పుస్తకంలోనే, జమ వైపు రాశారు. అంటే పై అంతస్తులవాళ్లు ముందుగా ఇచ్చిన డబ్బుతో ఇస్త్రీ బండి అతని ఇంట్లో పొయ్యి వెలిగింది. ఎవరిది ఎవరికి వెళ్లిందో వాళ్లకు తెలియదు. పుస్తకం రాసిన మనిషికి తెలుసు.

పని పద్ధతి గురించి రాయకపోతే ఇది సమీక్ష అనిపించుకోదు. మొదటి వారం సేటు భార్య, మా ఎదురింటి అమ్మాయి కలిసి ముగ్గుపిండితో మెట్ల ముందు నుంచి వేపచెట్టు దాకా ఆరేసి అడుగుల దూరంలో గుండ్రాలు గీశారు. పొద్దున ఊడ్చగానే చెరిగిపోయేవి, మళ్లీ గీసేవారు. ఏప్రిల్‌లో ఒక వానకు మొత్తం కొట్టుకుపోయాక తెల్ల రంగుతో వేయించారు. మెట్లకు అడ్డంగా బల్ల, బల్ల ముందు తాడు. లోపలికి ఎవరూ రాకూడదు. నోట్లు ఒక డబ్బాలో వేయాలి, ఆ డబ్బా రెండు రోజుల దాకా తెరిచేవారు కాదు. మే నెలలో ఫోనుతో చెల్లించే క్యూఆర్ కోడ్ అట్ట వచ్చింది. చిల్లర బదులు చాక్లెట్లు ఇచ్చే అలవాటు దానితో పోయింది, నాకు అది పెద్ద సంతోషం.

అరవై దాటినవాళ్లను కొట్టు దగ్గరికి రావద్దన్నారు. రాత్రి తొమ్మిది లోపల ఫోను చేసి చీటీ చదివితే చాలు. వాట్సాప్‌లో చీటీ ఫోటో పంపినా సరే, కానీ మా అత్తగారి తరం మాట్లాడితేనే తృప్తి పడతారు. సేటు భార్య ఆ ఫోన్లన్నీ తీసుకుని రాసేవారు. పొద్దున్నే వాళ్ల అబ్బాయి సంచుల మీద ఇంటి నంబరు రాసి సైకిలు మీద తెచ్చేవాడు. ఇంజనీరింగ్ మూడో ఏడు, కాలేజీ మూతపడి ఇంట్లో ఉన్నాడు. పై అంతస్తులవాళ్లు తాడు కట్టిన బుట్ట దించేవారు. మేమూ అంతే. బుట్టలో సరుకుతో పాటు ఒక్కోసారి అత్తగారి బీపీ మాత్రలు ఉండేవి, మందుల దుకాణం దగ్గర వరుసలో నిలబడి తెచ్చేది ఆ అబ్బాయే. దానికి ఒక్క రూపాయి అదనంగా తీసుకోలేదు. కూరగాయలు మాత్రం ఈ కొట్టులో దొరకవు. వాటికి మొబైల్ రైతుబజారు బండి వచ్చినప్పుడు దిగేవాళ్లం. ఆ బండి ఎప్పుడు వస్తుందో కూడా సేటు ఇంటి నుంచే కబురు వచ్చేది.

ఒక విషయంలో సందులో సగం మంది సేటుతో గొడవ పడ్డారు. ఆసుపత్రికి రోగులతో వచ్చినవాళ్లు బిస్కెట్లకో, నీళ్ల సీసాకో, సబ్బుకో మా సందులోకి వచ్చేవారు. చుట్టుపక్కల హోటళ్లు లేవు, టీ బండ్లు లేవు. వాళ్లకు అమ్మితే రోగం సందులోకి వస్తుందని, అమ్మవద్దని నలుగురు పెద్దమనుషులు చెప్పారు. సేటు అమ్మడం మానలేదు. సందు బయట, వేపచెట్టుకు అవతల, మరో బల్ల వేశారు. దాని మీద బిస్కెట్లు, బ్రెడ్డు, నీళ్లు, సబ్బులు, దువ్వెనలు, చిన్న తువ్వాళ్లు. ధర రాసిన అట్ట, డబ్బులకు డబ్బా. మనిషి ఉండడు. కావలసింది తీసుకుని డబ్బు వేసి వెళ్లాలి. రాత్రికి లెక్క చూస్తే కొన్నిసార్లు తగ్గేదట, కొన్నిసార్లు ఎక్కువ ఉండేదట. తువ్వాళ్లు, దువ్వెనలు ఎందుకు పెట్టారని అడిగాను. ‘జ్వరం చూపించుకుని వెళ్లిపోదామని వచ్చినవాళ్లు కదా టీచరమ్మా, అక్కడే ఉండిపొమ్మంటే చేతిలో ఏముంటుంది?’ అన్నారు. అప్పట్లో ఆ బల్ల అక్కడ వద్దన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ జవాబు విన్నాక మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఈ కొట్టు చేసిన తప్పు. దీన్ని దాచి మంచి మాత్రమే రాస్తే నేను రాసినదానికి విలువ ఉండదు.

2020 జూలైలో నగరంలో కేసులు విపరీతంగా ఉన్న రోజుల్లో, ఒక సోమవారం వాళ్ల అబ్బాయికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. అబ్బాయిని మేడ మీద గదిలో ఉంచి, సోమవారం, మంగళవారం కొట్టు తెరిచారు. బుధవారం పరీక్ష చేయిస్తే పాజిటివ్. గురువారం సేటుకూ పాజిటివ్. ఇంట్లో జ్వరం ఉన్నప్పుడు ఆ రెండు రోజులూ తెరవకూడదు. అందరినీ ఆరడుగుల దూరంలో నిలబెట్టిన మనిషికి ఈ సంగతి తెలియదనుకోను. మంగళవారం మా బుట్టలో సరుకు పెట్టింది ఆయన చేతులే. నాకు చాలా కోపం వచ్చింది, దాన్ని ఇప్పుడు తగ్గించి రాయను.

అయితే బుధవారం మధ్యాహ్నం, ఫలితం తెలిసిన గంటలోపల నాకు ఫోను వచ్చింది. ‘టీచరమ్మా, మా అబ్బాయికి వచ్చింది. మంగళవారం మీకు సరుకు పంపాను. పెద్దమ్మను వేరే గదిలో ఉంచండి, మీరు మాస్కు పెట్టుకోండి, పద్నాలుగు రోజులు చూసుకోండి. తప్పు నాది.’ ఆ మధ్యాహ్నం ఆయన ఎర్ర పుస్తకం ముందు పెట్టుకుని, ఆ రెండు తారీఖుల కింద ఎవరి పేరుంటే వాళ్లకల్లా వరుసగా ఫోను చేశారు. ముప్పై ఒక్క ఇళ్లు. ప్రభుత్వం నుంచి ఎవరూ వచ్చి అడగకముందే అది జరిగిపోయింది. ఏప్రిల్‌లో తలవంచుకుని పుస్తకంలో పేరు రాయించుకున్నాను కనుక జూలైలో నాకు ఆ ఫోను వచ్చింది. రొక్కం ఇచ్చి కొన్నవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. ఆ రెండు రోజుల్లో వాళ్లు ఎందరు వచ్చారో ఆయనకే గుర్తు లేదు. షట్టరు మీద కాగితం అంటించారు. ఏ రోజు, ఏ గంట నుంచి ఏ గంట వరకు కొట్టు తెరిచి ఉందో, ఇంట్లో ఎవరికి వచ్చిందో పెద్ద అక్షరాలతో రాసి ఉంది. రోగం వస్తే పక్కింటికి కూడా చెప్పని రోజులు అవి.

మా ఇంట్లో ఎవరికీ రాలేదు. కానీ ఆ పద్నాలుగు రోజులు అత్తగారి గది తలుపు దగ్గర నిలబడి ఆవిడ దగ్గు వినడం నేను మరిచిపోలేను.

కొట్టు పదిహేడు రోజులు మూతపడింది. అప్పుడు నేను ఒక పెద్ద కంపెనీ యాప్‌లో సరుకులకు చెప్పాను. తొమ్మిది రోజులకు వచ్చాయి. ఇడ్లీ రవ్వ బదులు గోధుమ రవ్వ, చింతపండు లేదు, డబ్బు మాత్రం మొత్తం ముందే తీసుకున్నారు. లేనిదానికి తిరిగి ఇవ్వడానికి మరో పది రోజులు పట్టింది. ఫోను చేస్తే ప్రతిసారీ కొత్త గొంతు, మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. ఇంట్లో 84 ఏళ్ల మనిషి ఉన్నారని నేను ఎవరికి చెప్పను?

‘నాయన ఎలా ఉన్నాడు?’ అని అత్తగారు రోజూ అడిగేవారు. ఆరో రోజు మిరియాల చారు, మెత్తని అన్నం క్యారియరులో పెట్టి వాళ్ల గేటుకు తగిలించి వచ్చాను. మొదటి రోజే వెళ్లి ఉండవలసింది. కోపం అడ్డొచ్చింది.

తెరిచిన రోజు బల్ల మీద ఇంకో నోటు పుస్తకం కనిపించింది. రొక్కం ఇచ్చేవాళ్లు కూడా పేరు, ఇంటి నంబరు, వచ్చిన సమయం రాసి వెళ్లాలి. అది మంచి ఏర్పాటు. కానీ ఆ పుస్తకం అందరి ముందూ తెరిచి ఉండేది, ఆడపిల్లల ఫోను నంబర్లతో సహా. అలా ఉంచవద్దని చెప్పాను. మర్నాటి నుంచి మూసి లోపల పెట్టి, సేటు భార్యే అడిగి రాయడం మొదలుపెట్టారు. చెబితే దిద్దుకునే గుణం ఈ కొట్టులో ఉంది.

2021 మే గురించి ఎక్కువ రాయలేను. మే 12 నుంచి పొద్దున ఆరు నుంచి పది వరకే తెరవాలన్నారు. ఆ నాలుగు గంటల కోసం సేటు ఇంట్లో తెల్లవారుజామున మూడున్నరకే దీపం వెలిగేది. రాత్రి వచ్చిన చీటీలన్నీ ఆరు లోపల సంచుల్లోకి ఎక్కేవి, ఆరుకు షట్టరు లేస్తే తీసుకుని వెళ్లడమే. సందులో ప్రతి మూడో ఇంట్లో రోగం. రక్తంలో ఆక్సిజను శాతం చూపే ఆక్సీమీటర్లు దుకాణాల్లో దొరకలేదు, దొరికినా ఇష్టం వచ్చిన ధర. సేటు ఎలాగో ఒకటి సంపాదించి స్టీలు డబ్బాలో పెట్టారు. కావలసినవాళ్లు తీసుకెళ్లి, చూసుకుని, తుడిచి తిరిగి ఇవ్వాలి. అదీ ఎర్ర పుస్తకంలో రాసేవారు. ‘పప్పు కిలో, ఉప్పు, ఆక్సీమీటరు - సాయంత్రం తిరిగి.’ తొంభై నాలుగు కంటే తక్కువ చూపిస్తే ఎవరికి ఫోను చేయాలో డబ్బా మూత మీద అంటించి ఉంది. ఇప్పుడు ఆ పుస్తకంలో రెండు పేజీలకు అడ్డంగా గీత కొట్టి ఉంది. ఎంత బాకీ అని నేను అడగలేదు.

నా పేజీ 2020 డిసెంబరులో చెల్లు అయింది. ఆపిన పింఛను సొమ్ము చేతికి రాగానే మొత్తం ఇచ్చేశాను. కానీ పేజీ తీసేయవద్దని చెప్పాను. నెలకు ఒకసారి పద్దు రాయించుకుని, ఒకటో తారీఖున చెల్లిస్తున్నాను.

ఇప్పుడు, అంటే 2022 మార్చిలో, ఈ కొట్టుకు నేను వేసే మార్కులు అయిదుకు నాలుగు. ఒక మార్కు ఎందుకు తగ్గించానో జూలై సంగతి చదివినవాళ్లకు తెలుస్తుంది. మిగతా లోపాలు చిన్నవి. పెద్ద దుకాణాలతో పోలిస్తే ప్యాకెట్ సరుకు మీద రెండు నుంచి ఆరు రూపాయలు ఎక్కువ పడుతుంది. పొద్దుతిరుగుడు నూనె 2020 మొదట్లో లీటరు వంద రూపాయల చుట్టూ ఉండేది, మరుసటి ఏడాది మే నాటికి 170 దాటింది. అది అన్నిచోట్లా పెరిగిందే, అందుకు ఈ కొట్టును తప్పు పట్టను. కానీ పాత ధరకు కొన్న ప్యాకెట్లను కొత్త ధరకు అమ్మినట్టు ఒకసారి నాకు అనుమానం వచ్చింది, అడిగితే సూటిగా జవాబు రాలేదు. బిల్లు ఇప్పటికీ లేదు. మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి నాలుగున్నర దాకా మూసి ఉంటుంది. కందిపప్పు మీద నమ్మకం పెట్టుకోవద్దు, ముందు పావుకిలో తెచ్చి ఉడికించి చూసుకోండి. ఎండుమిర్చి, ఇడ్లీ రవ్వ, చింతపండు కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. ఉగాది దగ్గరపడింది కనుక కొత్త బెల్లం వచ్చింది, నిన్న తెచ్చాను, రంగు నల్లగా ఉన్నా రుచి బాగుంది.

సైకిలు అబ్బాయికి ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు సంచులు తెచ్చేది మరో కుర్రాడు. తెల్ల గుండ్రాలు సగం చెరిగిపోయాయి. వేపచెట్టు దగ్గరి బల్ల ఇంకా ఉంది, తువ్వాళ్లతో సహా. రాత్రి ఫోను పద్ధతి కూడా పెద్దవాళ్లున్న ఇళ్లకు కొనసాగుతోంది. మా ప్రాంతానికి కొత్తగా వచ్చినవాళ్లు తొమ్మిది లోపల చేయండి, ఇంటి నంబరు ముందు చెప్పండి. ఫోను చేసే ముందు వంటింట్లోకి వెళ్లి డబ్బాలు ఒకసారి తెరిచి చూసుకోండి. ఎంత మిగిలి ఉందో సేటు భార్య తప్పకుండా అడుగుతారు.